మత్తు అలవాట్లు – గుండె జబ్బులు

ఈ వారం ఒక తల్లి రాసిన ఉత్తరంతో మొదలుపెడుతున్నాను. పేరు ప్రచురించవద్దని ఆమె కోరారు.

"డాక్టరు గారికి నమస్కారాలు. మాది హనుమకొండ. మా పెద్దబ్బాయికి 22 ఏళ్లు. ఇంజనీరింగు ఆఖరి సంవత్సరం చదువుతున్నాడు. పోయిన నెలలో ఒక రాత్రి పదకొండు గంటలప్పుడు ఛాతీ పట్టేసినట్టుందనీ, గుండె గొంతులో కొట్టుకుంటున్నట్టుందనీ అంటూ చెమటలు కక్కుతూ గదిలోంచి బయటికి వచ్చాడు. వెంటనే ఆటోలో ఆస్పత్రికి తీసుకుపోయాం. ఇ.సి.జి. తీశారు. డ్యూటీలో వున్న డాక్టరు గారు, 'అబ్బాయికి సిగరెట్టు, మందు, గంజాయి లాంటి అలవాట్లేమైనా వున్నాయా?' అని అడిగారు. మావారికి కోపం వచ్చింది. 'మావాడు టీ కూడా తాగడండీ' అన్నారు. అబ్బాయి తల వంచుకుని వూరుకున్నాడు. తెల్లారేసరికి నెమ్మదించింది. గ్యాసు నొప్పి కాబోలు అనుకుని ఇంటికి వచ్చేశాం. వారం తరువాత బట్టలు నానబెట్టబోతే వాడి ప్యాంటు జేబులో చిన్న కాగితం పొట్లం దొరికింది. నిలదీస్తే ఏడ్చాడు. ఆ రాత్రి కూడా గంజాయి తాగాడట. ఇప్పుడు మళ్లీ ఆ డాక్టరు గారి దగ్గరికి వెళ్లి ఈ సంగతి చెప్పాలా? చెబితే పరువు పోతుంది, పోలీసు కేసవుతుంది అంటున్నారు మావారు. వాడి గుండెకేమైనా అయిందా? నాకు నిద్ర పట్టటం లేదు."

అమ్మా, మీ ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు చెప్పగలను. చెప్పండి. రేపటి దాకా ఆగవద్దు. ఎందుకు చెప్పాలో వివరంగా రాస్తాను. ఇది మీ ఒక్కరి ఇంటి సమస్య కాదు కనుక పాఠకులందరూ శ్రద్ధగా చదవండి.

గుండెకూ మత్తుకూ ఏమిటి సంబంధం?

మత్తు మెదడుకు ఎక్కుతుందనే మనకు తెలుసు. తూలటం, మాట ముద్దగా రావటం, నవ్వటం, ఏడవటం మన కంటికి కనిపిస్తాయి. గుండెలో జరిగేది కనిపించదు. అందుచేత మత్తు మెదడుకు సంబంధించిన వ్యవహారమనీ, గుండెజోలికి రాదనీ చాలామంది అనుకుంటారు. ఇది పొరపాటు.

మన గుండె రోజుకు సుమారు లక్షసార్లు కొట్టుకుంటుంది. ప్రతిసారీ గుండె పై గదిలో చిన్న విద్యుత్తు పుట్టి, ఒక క్రమంలో కింది గదులకు పాకుతుంది. ఆ క్రమం తప్పకుండా వున్నంతసేపు గుండె కొట్టుకుంటున్నట్టే మనకు తెలియదు. భయం వేసినప్పుడు, పరుగెత్తినప్పుడు అడ్రినలిన్ అనే రసం రక్తంలోకి వచ్చి గుండె వేగాన్ని పెంచుతుంది. పని అయిపోగానే వేగం తగ్గిపోతుంది. ఇది ప్రకృతి చేసిన ఏర్పాటు.

మత్తు పదార్థాలు ఈ ఏర్పాటును నాలుగు రకాలుగా చెడగొడతాయి. కొన్ని గుండెను అవసరం లేకుండా పరుగెత్తిస్తాయి. కొన్ని విద్యుత్తు క్రమాన్ని తప్పిస్తాయి. కొన్ని గుండెకు రక్తం తెచ్చే నాళాలను బిగబట్టిస్తాయి. సూది ద్వారా ఎక్కించుకునేవి గుండె కవాటాల మీదికి సూక్ష్మజీవులను మోసుకుపోతాయి. ఒక్కొక్కటిగా చూద్దాం.

గంజాయి

మన వరంగల్ ప్రాంతానికి గంజాయి కొత్త పేరేమీ కాదు. ఆంధ్ర–ఒడిశా సరిహద్దు ఏజెన్సీ కొండల నుంచి హైదరాబాదుకు, అక్కడి నుంచి మహారాష్ట్రకు పోయే సరుకుకు మన రోడ్లూ, కాజీపేట జంక్షనూ దారిలోనే వున్నాయి. బస్సుల్లో, రైళ్లలో పట్టుబడిన మూటల గురించి పేపర్లో తరచు చదువుతూనే వున్నాం. సరుకు పోయే దారిలో కొంత జారి పడుతుంది. అది కాలేజీ కుర్రవాళ్ల చేతికి చిన్న పొట్లాలుగా చేరుతుంది.

"ఆకే కదా, రసాయనం కాదు కదా" అని వాళ్లు ఒకరికొకరు చెప్పుకుంటారు. ఆకులోనూ రసాయనమే వుంటుంది. గంజాయి పొగ పీల్చిన కొద్ది నిమిషాల్లోనే గుండె వేగం పెరుగుతుంది. నిమిషానికి 75 సార్లు కొట్టుకునే గుండె 100, 110 దాకా పోవచ్చు. రెండు మూడు గంటలు అలాగే వుండవచ్చు. పడుకున్నప్పుడు బి.పి. పెరిగి, చటుక్కున లేచి నిలబడితే పడిపోతుంది. కళ్లు తిరిగి పడిపోయేది అందుకే. అదే సమయంలో పొగలోని కార్బన్ మోనాక్సైడ్ రక్తంలోని ప్రాణవాయువును తగ్గిస్తుంది. అంటే గుండెకు పని పెరిగింది, దానికి అందే తిండి తగ్గింది.

2001లో అమెరికాలో ఒక పరిశోధన ఫలితాలు వెలువడ్డాయి. హార్టు ఎటాక్ వచ్చి బతికి బయటపడిన 3,882 మందిని వాళ్ల అలవాట్ల గురించి అడిగారు. గంజాయి తాగిన తరువాతి మొదటి గంటలో హార్టు ఎటాక్ వచ్చే ప్రమాదం మామూలు సమయంకన్నా సుమారు అయిదు రెట్లు వున్నట్టు తేలింది. ఆ గంట దాటాక ప్రమాదం త్వరగా తగ్గిపోయింది. ఈ లెక్క చూసి హడలిపోవద్దు. ఇరవై ఏళ్ల ఆరోగ్యవంతుడికి హార్టు ఎటాక్ వచ్చే అవకాశం మొదటే చాలా తక్కువ. తక్కువదానికి అయిదు రెట్లయినా తక్కువే. అయితే చిన్నప్పుడు కీళ్లవాతం వచ్చి గుండె కవాటం దెబ్బతిన్నవాళ్లు, పుట్టుకతో గుండెలో లోపం వున్నవాళ్లు, తెలియకుండానే బి.పి., షుగరు వున్నవాళ్లు మనలో చాలామంది వున్నారు. తమకు ఆ లోపం వున్నట్టు వాళ్లకే తెలియదు. తెలిసేది ఆ గంటలోనే.

మందు కల్లు

గంజాయి కుర్రకారు వ్యవహారం. ఇప్పుడు పెద్దల సంగతి చెప్పాలి.

తెలంగాణలో కల్లును మత్తు పదార్థంగా ఎవరూ లెక్కపెట్టరు. పెళ్లికీ, చావుకూ, బోనాలకూ, దసరాకూ కల్లు వుండవలసిందే. చెట్టు మీంచి దించిన తాటికల్లు, ఈతకల్లు మీద నాకు పేచీ లేదు. దానిలోనూ ఆల్కహాలు వుంటుంది, ఎక్కువైతే హాని చేస్తుంది. అంతవరకే. చెట్టు తప్పూ లేదు, చెట్టెక్కే గౌడన్న తప్పూ లేదు. నేను చెప్పేది జనం 'మందు కల్లు' అని పిలిచే కల్తీ కల్లు గురించి. తాగేవాళ్లు ఎక్కువ, చెట్లు తక్కువ. నీళ్లు కలిపితే రుచీ మత్తూ పోతాయి. రుచికి సాకరిన్ కలుపుతారు. మత్తుకు క్లోరల్ హైడ్రేటు, డయజిపాం, ఆల్ప్రజోలం కలుపుతారు.

క్లోరల్ హైడ్రేటును 1832లో జర్మనీలో తయారుచేశారు. 1869 నుంచి డాక్టర్లు నిద్రమందుగా వాడారు. అంతకన్నా మంచి మందులు వచ్చాక దాదాపు వదిలేశారు. వదిలెయ్యటానికి ఒక కారణం గుండె. ఈ మందు మోతాదు మించితే గుండె కండరం అడ్రినలిన్‌కు విపరీతంగా స్పందించటం మొదలుపెడుతుంది. మామూలు అడ్రినలిన్ కూడా దానికి కొరడా దెబ్బలా తగులుతుంది. అప్పుడు గుండె కింది గదులు క్రమం తప్పి, కొట్టుకోవటం మాని వణకటం మొదలుపెడతాయి. రక్తం ముందుకు పోదు. నిమిషాల్లో మనిషి పోతాడు. సీసాలో ఎంత కలిపారో అమ్మేవాడికే తెలియనప్పుడు తాగేవాడికి మోతాదు ఏమి తెలుస్తుంది?

ఆల్ప్రజోలం, డయజిపాం విషయం వేరు. ఇవి నరాలను శాంతపరిచే మందులు. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. కల్లులో, దానిలోని ఆల్కహాలుతో కలిసి ఎక్కువ మోతాదులో కడుపులో పడితే ఊపిరి మందగిస్తుంది, బి.పి. పడిపోతుంది. 2025 జులైలో హైదరాబాదు కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగినవాళ్లు వాంతులు, విరేచనాలు, బి.పి. పడిపోవటంతో ఆస్పత్రుల పాలయ్యారు. కొందరికి మూత్రపిండాలు దెబ్బతిని డయాలిసిస్ చెయ్యవలసి వచ్చింది. పలువురు చనిపోయారు. అక్కడి కల్లులో ఆల్ప్రజోలం కలిసినట్టు పరీక్షలో తేలింది.

ఇంకొక ప్రమాదం వుంది. దీన్ని బాగా గుర్తుపెట్టుకోండి. ఏళ్ల తరబడి మందు కల్లు తాగినవాడు ఒక్కసారిగా మానేసినా ప్రమాదమే. 2015 సెప్టెంబరులో తెలంగాణలో కల్తీ కల్లు మీద ప్రభుత్వం కఠినంగా వ్యవహరించినప్పుడు నిజామాబాదు, మహబూబ్‌నగర్ తదితర జిల్లాల్లో ఇదే జరిగింది. కల్లులో మందు ఆగిపోయింది. చేతులు వణకటం, చెమటలు, గుండెదడ, నిద్ర లేకపోవటం, ఫిట్సు, పిచ్చి మాటలతో జనం ఆస్పత్రులకూ, హైదరాబాదు ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకూ తరలివచ్చారు. వాళ్లకు కొత్తగా జబ్బేదీ రాలేదు. అలవాటుపడ్డ మందు హఠాత్తుగా అందకపోవటమే జబ్బు.

అందుచేత ఇంట్లో మందు కల్లు అలవాటున్న పెద్దవాళ్లుంటే గదిలో పెట్టి గొళ్లెం వెయ్యకండి. "తాగనివ్వమంటారా?" అని అడుగుతారేమో. కాదు. డాక్టరు దగ్గరికి తీసుకుపొండి. తగిన మాత్రలు మొదట ఇచ్చి, వాటిని కొద్దికొద్దిగా తగ్గిస్తూ మాన్పిస్తారు.

పీల్చే మత్తు

పంక్చర్లకు వాడే సొల్యూషను, వైట్‌నరు, పెట్రోలు గుడ్డలో పోసి పీల్చే పిల్లలను రైల్వే స్టేషన్ల దగ్గర, బస్టాండ్ల దగ్గర మీరు చూసే వుంటారు. మన పిల్లలు కాదులే అని తల తిప్పుకుంటాం. స్కూలు సంచిలో వైట్‌నరు సీసా వుండే పిల్లలందరికీ ఇది అందుబాటులో వున్న మత్తే.

ఈ ఆవిర్లు కూడా క్లోరల్ హైడ్రేటు లాగే గుండెను అడ్రినలిన్‌కు లొంగదీస్తాయి. 1970లో అమెరికాలో బాస్ అనే డాక్టరు ఇలా పీలుస్తూ హఠాత్తుగా చనిపోయిన 110 మంది కుర్రవాళ్ల వివరాలు ప్రచురించారు. వాళ్లలో కొందరు పీల్చిన తరువాత పరుగెత్తటమో, కంగారుపడటమో జరిగింది. భయానికి వచ్చిన అడ్రినలినే వాళ్ల గుండెను ఆపింది. దీనిలో మనకొక పాఠం వుంది. పిల్లవాడు పీలుస్తుండగా చూస్తే అరవకండి, కొట్టకండి, వెంటపడి తరమకండి. మెల్లగా పిలిచి, గాలి ఆడే చోట కూచోబెట్టండి. మందలింపు మరునాటికి వాయిదా వేయండి.

సూది మందులు

కండలు పెంచుకోవాలనే మోజుతో జిమ్ములకు పోయే కొందరు కుర్రవాళ్లు మెఫెంటర్మిన్ అనే ఇంజక్షను తీసుకుంటున్నారు. ఇది ఆపరేషను థియేటర్లో, మత్తు ఇచ్చాక రోగి బి.పి. పడిపోతే పెంచటానికి డాక్టర్లు వాడే మందు. బి.పి. సరిగా వున్నవాడికి ఇస్తే ఏమవుతుంది? బి.పి. ఆకాశానికి పోతుంది, గుండె పరుగెత్తుతుంది. అలసట తెలియదు కనుక ఇంకా బరువులెత్తుతాడు. గుండె మాత్రం అలిసిపోతూనే వుంటుంది. తెలంగాణ ఔషధ నియంత్రణ అధికారులు ఈ ఇంజక్షన్ల అక్రమ అమ్మకాలను పలుసార్లు పట్టుకున్నారు. స్టెరాయిడ్లు కూడా ఇలాంటివే. చేతుల కండతోపాటు గుండె గోడ కూడా మందమవుతుంది. మందమైన గుండె బలమైన గుండె కాదు. రక్తంలో చెడ్డ కొలెస్టరాలు పెరిగి, మంచిది తగ్గుతుంది.

నొప్పి మందులను, ఇతర మత్తు మందులను నరానికి ఎక్కించుకునేవాళ్లది మరొక బాధ. వుడకబెట్టని సూది, ఒకరు వాడినది ఇంకొకరు వాడటం, తుడవని చర్మం. వీటి ద్వారా సూక్ష్మజీవులు రక్తంలో పడి, నేరుగా గుండె కుడిభాగానికి చేరి, అక్కడి కవాటం మీద గూడు కట్టుకుంటాయి. విడవని జ్వరం, చలి, దగ్గు, ఆయాసం వస్తాయి. మలేరియా అనో, టైఫాయిడ్ అనో, క్షయ అనో వారాలు గడిచిపోతాయి. సరైన సమయంలో కనుక్కుంటే తరచు నాలుగు నుంచి ఆరు వారాలపాటు ఇంజక్షన్లిచ్చి నయం చెయ్యవచ్చు. కనుక్కోకపోతే కవాటం చినిగి ఆపరేషను దాకా పోతుంది. ఇక్కడ కూడా డాక్టరుకు తోవ చూపించేది ఒక్క మాటే. "సూది తీసుకుంటున్నాను" అనే మాట.

దాస్తే ఏమవుతుంది?

ఇక అసలు విషయానికి వస్తాను. డ్యూటీ డాక్టరు ఆ ప్రశ్న ఎందుకు అడుగుతాడు? మీ పరువు తియ్యటానికి కాదు. జవాబును బట్టి వైద్యం మారిపోతుంది.

గుండె ఆగినవాడికి అడ్రినలిన్ ఇవ్వటం మామూలు పద్ధతి. కానీ గుండె ఇంకా కొట్టుకుంటూ, క్లోరల్ హైడ్రేటు వల్ల క్రమం తప్పినవాడికి అడ్రినలిన్ లాంటి మందులు హాని చెయ్యవచ్చు. అక్కడ గుండె వేగాన్ని తగ్గించే మందులు పని చేస్తాయి. కొకెయిన్ తీసుకుని ఛాతీనొప్పితో వచ్చినవాడికైతే ఇదే గుండె వేగాన్ని తగ్గించే మందు నాళాలను మరింత బిగించవచ్చని డాక్టర్లు జాగ్రత్తపడతారు. అతనికి మొదట నరాలను శాంతపరిచే మందు ఇస్తారు. ఆ శాంతపరిచే మందే, కల్లులో ఆల్ప్రజోలం ఎక్కువై ఊపిరి మందగించి వచ్చినవాడికి ఇస్తే ప్రమాదం. లక్షణాలు దగ్గరగా వుంటాయి, మందులు వేరు. ఇ.సి.జి. కాగితం గుండె ఎలా కొట్టుకుంటున్నదో చెబుతుంది గాని, ఎందుకలా కొట్టుకుంటున్నదో చెప్పలేదు. అది మీరు చెప్పాలి.

డాక్టరుకు ఈ అయిదు సంగతులు చెప్పండి:

1. ఏమి తీసుకున్నారు? పేరు తెలియకపోతే పొట్లం, సీసా, మాత్రల అట్ట ఏది దొరికితే అది వెంట తీసుకుపొండి.

2. ఆఖరిసారి ఎప్పుడు? గంట క్రితమా, నిన్ననా?

3. ఎలా తీసుకున్నారు? తాగారా, పొగ పీల్చారా, మింగారా, సూది వేసుకున్నారా?

4. దానితోపాటు ఇంకేమైనా? సారా, బ్రాందీ, నిద్రమాత్ర, ఏదైనా సరే.

5. ఎంతకాలంగా? రోజూనా, అప్పుడప్పుడా? మానేసి ఎన్నాళ్లయింది?

తండ్రి ఎదురుగా కొడుకు నిజం చెప్పడు. కాబట్టి తల్లిదండ్రులారా, డాక్టరు ఈ ప్రశ్న అడగగానే మీరే లేచి బయటికి వెళ్లండి. ఆ అయిదు నిమిషాలు మీరు పిల్లవాడికి ఇచ్చే గొప్ప మందు.

పోలీసు కేసు భయం

రోగి చెప్పిన రహస్యాన్ని దాచటం వైద్యుడి వృత్తి ధర్మం. గంజాయి తాగానని చెప్పిన రోగి ఆస్పత్రికి వచ్చింది వైద్యం కోసమే. చట్టం కూడా ఈ సంగతి గుర్తించింది. 1985లో వచ్చిన మాదక ద్రవ్యాల చట్టంలో 64-ఎ అనే సెక్షను వుంది. అలవాటుపడ్డ మనిషి మీద సేవించినందుకో, కొద్ది పరిమాణం దగ్గరున్నందుకో అభియోగం వచ్చినా, ప్రభుత్వ ఆస్పత్రిలోగాని, ప్రభుత్వం గుర్తించిన సంస్థలోగాని స్వచ్ఛందంగా చికిత్సకు చేరితే ప్రాసిక్యూషను నుంచి మినహాయింపు ఇస్తుంది. చికిత్స మధ్యలో మానేస్తే ఆ మినహాయింపు పోవచ్చు. అమ్మేవాడికి ఈ మినహాయింపు లేదు. చట్టం జబ్బుపడ్డవాడినీ, జబ్బు అమ్మేవాడినీ వేరుగానే చూస్తున్నది. మనమూ అలాగే చూడాలి.

అప్పటికప్పుడు ఇంట్లో ఏం చెయ్యాలి?

మత్తులో వున్న మనిషికి ఛాతీనొప్పి, విడవని గుండెదడ, ఆయాసం, స్పృహ తప్పటం, ఫిట్సు వస్తే వెంటనే 108కి ఫోను చెయ్యండి. "దిగిపోతుందిలే" అని కాచుకోవద్దు.

స్పృహలో వుంటే కూచోబెట్టి, చుట్టూ గుమిగూడకుండా గాలి తగలనివ్వండి. మాట్లాడుతూ ధైర్యం చెప్పండి. మగతగా వుంటే ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి. వెల్లకిలా పడుకుంటే నాలుక వెనక్కి పోవచ్చు, వాంతి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు.

మత్తు దిగుతుందని మజ్జిగ, నిమ్మకాయ నీళ్లు, చింతపండు రసం పట్టకండి. గొంతులో వేలు పెట్టి కక్కించకండి. సగం స్పృహలో వున్నవాడికి గుక్కెడు మజ్జిగ కూడా ప్రాణం తియ్యగలదు. బిందెలతో చన్నీళ్లు కుమ్మరించకండి.

గుండె దడదడలాడుతున్నదని తాతగారి బి.పి. మాత్ర ఇవ్వకండి. నొప్పి అన్నాడని నాలుక కింద మాత్ర పెట్టకండి. బి.పి. మొదటే పడిపోయి వుంటే మరింత పడిపోతుంది.

పిలిస్తే పలకక, ఊపిరి ఆడకపోతే నేలమీద వెల్లకిలా పడుకోబెట్టి, ఛాతీ నడుమ రెండు చేతులూ ఒకదానిమీద ఒకటి వేసి, రెండంగుళాలు దిగేలా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కుతూ వుండండి. 108 వచ్చేదాకా ఆపకండి.

హనుమకొండ తల్లికి

అమ్మా, ఆ రాత్రి జరిగింది గంజాయి వల్ల వచ్చిన గుండెదడ, భయం మాత్రమే కావచ్చు. నెమ్మదించిందని రాశారు, అది మంచి గుర్తు. కానీ నెమ్మదించటం ఒక్కటే చాలదు. గంజాయి దిగిపోయాక తీసిన ఇ.సి.జి. మామూలుగానే వుండవచ్చు. అబ్బాయిని తీసుకుని మళ్లీ వెళ్లండి. పాత ఇ.సి.జి. కాగితం వెంట తీసుకుపొండి. అబ్బాయినే సంగతి చెప్పమనండి. అవసరమనుకుంటే డాక్టరు గారు మళ్లీ ఇ.సి.జి., ఎకో, ఇతర పరీక్షలు చేయిస్తారు. మన వరంగల్‌లోనే ఎం.జి.ఎం. ఆస్పత్రి, కాకతీయ మెడికల్ కాలేజీకి చెందిన సూపర్ స్పెషాలిటీ ఆస్పత్రి వున్నాయి. ఇందుకోసం హైదరాబాదు పరుగెత్తనక్కరలేదు. గుండె పరీక్ష అయ్యాక మానసిక వైద్యుడిని కూడా కలవండి. అది పిచ్చికి వైద్యం కాదు, అలవాటుకు వైద్యం. ఫోనులో సలహాకు మత్తు విముక్తి హెల్ప్‌లైను 14446, మానసిక ఆరోగ్యానికి టెలి మానస్ 14416 వున్నాయి.

మీ వారితో ఒక్క మాట చెప్పండి. 'టీ కూడా తాగడు' అన్నది కొడుకు మీద నమ్మకంతోనే. తండ్రికి అది సహజం. ఇప్పుడు అదే నమ్మకంతో వాడి పక్కన నిలబడాలి. అడిగినప్పుడు ఏడ్చాడని రాశారు చూడండి, ఏడ్చేవాడు మానగలడు. సంగతి బయటికి వచ్చింది, వైద్యం సగం మొదలైనట్టే.

పాఠకుల ప్రశ్నలు

*ప్రశ్న:* మా నాన్నగారికి 60 ఏళ్లు. ముప్ఫై ఏళ్లుగా రోజూ కల్లు తాగుతారు. తాగని రోజు సాయంత్రానికి చేతులు వణికి, గుండె దడదడలాడుతుంది. ఒక సీసా తాగితే తగ్గిపోతుంది. కల్లు ఆయన గుండెకు బలమేనంటారా? – ఒక పాఠకుడు, నర్సంపేట

*జవాబు:* కాదు. తాగితే తగ్గుతున్నదంటే ఆ దడ తాగకపోవటం వల్ల వచ్చిందని అర్థం. అప్పు తీర్చటానికి మళ్లీ అప్పు చేస్తున్నట్టు. ఆయన తాగే కల్లులో మందు కలిసిందనే అనుమానించాలి. ఒక్కసారిగా మాన్పించవద్దు. డాక్టరు దగ్గరికి తీసుకుపోయి, ఎన్నేళ్లుగా, రోజుకెన్ని సీసాలో చెప్పండి. 60 ఏళ్లు కనుక బి.పి., షుగరు, ఇ.సి.జి. కూడా చూపించండి.

*ప్రశ్న:* శివరాత్రికి భంగు తాగటం ఆచారమే కదా. పొగ లేదు కనుక గుండెకు హాని వుండదా? – ఒక పాఠకురాలు, జనగామ

*జవాబు:* పొగ వల్ల వచ్చే హాని వుండదు. ఆకు వల్ల వచ్చేది వుంటుంది. మింగిన భంగు అరగంట నుంచి రెండు గంటల దాకా ఎక్కదు. ఎక్కలేదని ఇంకో గ్లాసు తాగుతారు. అప్పుడు రెండూ కలిసి ఎక్కి గంటల తరబడి దిగవు. గుండె జబ్బు, బి.పి. వున్నవాళ్లు, గర్భిణులు, పిల్లలు దాని జోలికి పోకూడదు. ప్రసాదమైనా సరే.

*ప్రశ్న:* నాకు 24 ఏళ్లు. జిమ్ములో కోచ్ చెబితే ఆరు నెలలు ఇంజక్షన్లు తీసుకున్నాను. మానేశాను. ఇప్పుడు మెట్లెక్కితే ఆయాసం వస్తున్నది. ఇంట్లో తెలియదు. – ఒక పాఠకుడు, కాజీపేట

*జవాబు:* మానేసి మంచి పని చేశారు. మీ వయస్సులో మెట్లెక్కితే ఆయాసం రాకూడదు. ఈ వారంలోనే గుండె డాక్టరును కలిసి ఎకో తీయించుకోండి. ఇంజక్షను పేరు చెప్పండి. సీసా వుంటే చూపించండి. పడుకుంటే ఆయాసం వచ్చినా, కాళ్లు వాచినా, కళ్లు తిరిగినా వారం ఆగవద్దు, ఆ రోజే వెళ్లండి. పరీక్షలయ్యేదాకా బరువులెత్తవద్దు. నాకు రాసినట్టే ఇంట్లో ఒక్కరికైనా చెప్పండి. అమ్మకో, అన్నకో. ఒంటరిగా మోసే బరువు కూడా గుండెకు బరువే.